ఇక దులుపుకో తల్లీ

మా గుర్రానికి ఏటా బొచ్చు కత్తిరించే ఉస్తాద్ గారు పోయిన శుక్రవారం కన్నుమూశారు. కబురు చెప్పింది ఆయన కోడలు. "మామయ్య వెళ్లిపోయారండీ. మంగళవారం మీ గుర్రం పనుందని నిన్న కూడా గుర్తు చేసుకున్నారు," అంది.

గవర్నర్‌పేటలో మాది పెళ్లి ఊరేగింపుల వ్యాపారం. ఉన్నది ఒక్కటే తెల్ల ఆడగుర్రం. మీలో ఎవరైనా దాని మీదెక్కి పెళ్లికి వెళ్లి ఉంటే, ఆ నిగనిగలు నా గొప్ప అనుకోకండి. వయసు మీద పడ్డాక ఎండాకాలం వచ్చినా దాని బొచ్చు రాలడం మానేసింది. మన బెజవాడ ఉక్కపోతలో ఆ బొచ్చుతో ఉంటే ఒళ్లంతా పొక్కులే. అందుకే ఉస్తాద్ గారు మెషిన్ సంచి ఒళ్లో పెట్టుకుని హనుమాన్ జంక్షన్ నుంచి బస్సులో వచ్చేవారు.

ఆయనకి తొందరంటే ఏమిటో తెలియదు. మట్టికి బ్లేడు మొద్దుబారుతుందని ముందురోజే గుర్రాన్ని కడిగి ఆరబెట్టమనేవారు. వచ్చాక ముందు టీ. ఆ టీ తాగినంతసేపూ మెషిన్ దూరంగా ఊరికే తిరుగుతూ ఉండాలి. "ముందు చెవులకి అలవాటవ్వాల. తర్వాతే ఒంటికి," అనేవారు. రెండు వరసలకోసారి ఆపి, బ్లేడుని తన చెంపకి ఆనించి చూసుకునేవారు. వేడెక్కిందంటే నూనె వేసి, చల్లారేదాకా నాతో రాజకీయాలు. నాకు ఒళ్లు మండేది. చెవుల లోపలి వెంట్రుకలు మాత్రం ముట్టుకునేవారు కాదు. "అందం కోసం అయ్యి తీస్తే ఈగలు దూరతయ్యి. అప్పుడు తోలటానికి మీరొస్తారా?"

మూడేళ్ల క్రితం ఆయన రావాల్సిన రోజుకి ముందే ఒక పెళ్లి తగిలింది. ఇన్నేళ్లు చూశాను, నాకు రాదా అని కొత్త మెషిన్ కొని నేనే మొదలుపెట్టాను. బ్లేడు కాలుతోందని చూసుకోలేదు. ముందుకాలి వెనక పలచటి చర్మం కమిలిపోయింది. అప్పటినుంచి మెషిన్ చప్పుడు వింటే చాలు, గుర్రం గజగజా వణికేది.

ఉస్తాద్ గారు చూసి ఒక్క మాట కూడా తిట్టలేదు. నా కొత్త మెషిన్ని కాసేపు తిప్పి, "చెయ్యి ఇటివ్వండి" అని బ్లేడు నా మణికట్టుకి ఆనించారు. చురుక్కుమనేసరికి లాక్కున్నాను.

"మీరు లాక్కున్నారు. దాన్ని కట్టేశారు కదండీ," అన్నారు.

ఆ రోజు తలెత్తి ఆయన మొహం చూడలేకపోయాను. తప్పు చేసినవాణ్ణి చిన్నబుచ్చకుండా దిద్దిన మనిషిని నేను ఆయన్ని తప్ప ఇంకొకర్ని చూడలేదు.

పుండు మానాక వారం రోజులపాటు ఆయన రోజూ వచ్చారు. ఎడమ అరచెయ్యి గుర్రం మీద పెట్టి, ఆ చేతి మీద మెషిన్ ఆనించేవారు. "ముందు అదురు నాకు తగలాల. నా చేతిలోంచి దానికెళ్లాల. భయం అట్టా పోద్ది." ఏడో రోజుకి అది తల వంచి నిలబడింది. పనయ్యాక ఎప్పటిలాగే చెప్పారు: "అయిపోయింది. ఇక దులుపుకో తల్లీ." అది ఒళ్లంతా విదిలించింది. గోరింటాకుతో ఎర్రబడ్డ ఆయన గడ్డం కాసేపు మళ్లీ తెల్లబడింది.

మొన్న మంగళవారం ఆ పని నా మీద పడింది. కొత్తవాళ్లని అది దగ్గరికి రానివ్వదు. ఒకసారి కాల్చినవాణ్ణి, నన్ను మాత్రం రానిస్తుందా అని భయం. మెషిన్ ఆన్ చేసి దూరంగా పెట్టి టీ తాగాను. బ్లేడు చెంపకి ఆనించి చూసుకున్నాను. పాత మచ్చ మీద అరచెయ్యి వేసి, దాని మీద మెషిన్ పెట్టాను. కింద చర్మం ఒక్కసారి జలదరించింది, అంతే. రెండు గంటల పని నాలుగు గంటలు పట్టింది. వరసలు కాస్త వంకరే.

కట్టిన తాడు విప్పినా అది కదల్లేదు. చెవులు నిక్కించి అలాగే నిలబడింది. దేనికోసం ఆగిందో నాకు వెంటనే తట్టలేదు.

"అయిపోయింది," అన్నాను. "ఇక దులుపుకో తల్లీ."

ఒళ్లంతా విదిలించింది. తెల్ల వెంట్రుకలు షెడ్డు నిండా లేచి, ఎండలో చాలాసేపు కిందికి దిగకుండా తేలుతూనే ఉన్నాయి.