కుండీలో లేచిన ముళ్ల మొక్క

లేహ్‌లో మిలిటరీలో పనిచేసే మా మరిది, అంటే మా చెల్లెలి భర్త, సెలవుకు వచ్చినప్పుడు కాగితంలో చుట్టి కొన్ని గింజలు తెచ్చాడు.

"సీ బక్‌థార్న్ వదినా. ముండ్ల చెట్టు. పండ్లు నారింజ రంగుల ఉంటయి, ఆకు కింద తెల్లగుంటది," అన్నాడు. అంతకుమించి నేనూ అడగలేదు. ఇక్కడ మా ఊళ్లో, సుబేదారి కాలనీలో, మా ఇంటి ముందున్న పెద్ద కుండీలో గింజలు నాటాను.

మొలకలు వచ్చాయి. ఎన్ని నీళ్లు పోయాలో తెలియక చెల్లెలికి ఫోన్ చేశాను.

"జరన్ని పోయక్కా, అక్కడంత ఇసుకే," అంది.

నర్సరీ అతను మాత్రం, "గీ ఎండలకు రెండు పూటల పోయాలె మేడమ్," అన్నాడు. ఒకరోజు చెల్లెలి మాట విన్నాను, ఒకరోజు అతని మాట విన్నాను. ఏప్రిల్‌లో మొలకలన్నీ మాడిపోయాయి. కుండీ బోర్లించబోతే అత్తమ్మ ఆపింది.

"వానలు పడనియ్యి బిడ్డా. ఏర్ల పానముంటే మల్ల లేస్తది."

వానలకు నిజంగానే ఒక మొక్క లేచింది. ముళ్లున్నాయి. ఆకు తిప్పి చూస్తే తెల్లగా ఉంది. ఆనందం పట్టలేకపోయాను. చల్లటి ప్రాంతపు మొక్క కదా అని మరుసటి వేసవిలో దాని మొదట్లో ఫ్రిజ్‌లోని ఐసుముక్కలు కూడా పెట్టాను. అత్తమ్మ ఒక ఆకు తుంచి చూసింది.

"గిది రేగు లెక్కనే కొడతాంది!"

నాకు గుబులు పట్టుకుంది. చెల్లెలికి ఫొటో పంపాను.

"నేను చెట్టు ఎన్నడు సూడలేదక్కా, జ్యూసే తాగిన," అంది.

మళ్లీ సెలవుకు వచ్చిన మరిది కుండీ దగ్గర కూర్చుని చాలాసేపు చూశాడు.

"దాని ఆకు సన్నగ, పొడుగ్గ ఉంటది వదినా. ఇది గుండ్రంగుంది. రేగే."

"కింద తెల్లగుంటదన్నవు గదా?"

"రెండిటికీ గంతే."

రేగుపండ్లు తిని గింజలు అందులో వేశావా అని అత్తమ్మను అడిగాను. "ఏసిన్నేమో బిడ్డా, యాదికి లేదు," అంది.

అయితే మొదట మొలిచినవి ఏవి? మాడిపోయినవి మరిది తెచ్చిన గింజలవేనా, లేక అప్పుడు కూడా రేగేనా? ఇన్నాళ్లూ నేను ఏ మొక్క కోసం బెంగపెట్టుకున్నట్టు? బాధపడాలో నవ్వాలో తెలియలేదు. మరిది మళ్లీ గింజలు పంపుతానన్నాడు.

కుండీ ఇరుకైందని మొక్కను గేటు పక్కన నేలలోకి మార్చాం. గుంత తవ్వుతుంటే పక్కింటావిడ అడిగింది.

"ఏం చెట్టక్కా?"

"రేగంటున్నరు," అన్నాను.