మందు మానొద్దని రాసిచ్చాను

విజయనగరంలో, మత్తు మాన్పించే పని చేసేవాళ్ల సదస్సులో, అంతమంది డాక్టర్ల ముందు నా పరువు నేనే ఎలా తీసుకున్నానో చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

అప్పటికి రాజాంలో మత్తు మాన్పించే కేంద్రంలో కౌన్సిలర్‌గా చేరి ఆరు నెలలు. లోకాన్ని సగం బాగు చేసేశానని నా నమ్మకం. తాగుడు మానినవాళ్లు ఇంటికెళ్లాక మాత్రలు మధ్యలో ఆపేస్తున్నారని ఒక కార్డు అచ్చు వేయించాను. మొదటిది మా దగ్గరే తాగుడు మానిన తాపీమేస్త్రి సింహాచలానికి ఇచ్చి, మిగతా కట్ట సదస్సులో చూపించి మెప్పు కొట్టేద్దామని దాచుకున్నాను. ఆ రోజు జ్వరం కాస్తున్నా వేదికెక్కి, కార్డును తెర మీద వేశాను.

"మందు మానొద్దు. రోజూ రెండు పూటలా వేసుకోవాలి."

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలు హాలంతా. నేను పిచ్చిదానిలా చీర కుచ్చిళ్లు సరిచూసుకున్నాను.

అనుభవం చెప్పడానికి మేం పిలిపించిన సింహాచలం, భార్య పార్వతి ముందు వరుసలోనే ఉన్నారు. పార్వతి లేచింది.

"మేడమ్, ఆ కార్డు సూపించి ఈ మనిసి, 'ఒసే, సూడు! మేడమే మానొద్దని రాసిచ్చింది' అని సెప్పులేసుకొని బయల్దేరినాడు."

నేను వేదిక అంచుకి వచ్చేశాను. "అయ్యో! తాగేశాడా?"

"తాగనిత్తానేటి? గుమ్మానికి అడ్డంగా కూకున్నాను. పెన్నుతో 'మందు' కొట్టేసి 'గోలీ' అని రాసినాను. ఇప్పుడు సదువు అన్నాను."

"సదివినాను మేడమ్," అన్నాడు సింహాచలం తలొంచుకుని. "గోలీయే ఏసుకున్నాను. సుక్క ముట్టనేదు."

జేబులోంచి కార్డు తీసిచ్చాడు. నా అచ్చు మాట మీద అడ్డగీత, పక్కన వంకర అక్షరాలతో 'గోలీ'. చూస్తుంటే నాకు కళ్లు చెమ్మగిల్లాయి. అతని ఇన్నాళ్ల కష్టాన్ని నేను ఒక్క మాటతో పోగొట్టబోతే, ఆవిడ ఒక్క గీతతో కాపాడింది. ఆవిడ పేరు తలచుకోకుండా నేను ఇప్పటికీ పనిలో కూర్చోను. కార్డులన్నీ ఆవిడ మాటతోనే మళ్లీ అచ్చు వేయించాం.

సాయంత్రం రాజాం బస్సులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "జొరం తగ్గినాదా? మందు ఏసుకున్నావేటే?"

"తగ్గింది. ఈ రోజుతో మందు మానేశానమ్మా!" అని గట్టిగా అన్నాను.

పక్క సీటు ముసలమ్మ నా తల నిమిరింది. "మంచి పని సేసినావు తల్లీ. ఎన్నేళ్ల నుంచి అలవాటు?"

అందుకే నా కౌన్సిలర్ బ్యాడ్జి మీద ఒట్టేసి చెబుతున్నాను. ప్రాణం మీదికొచ్చినా ఆ మాట నా నోట రాదు. మందుల షాపును కూడా నేను గోలీల కొట్టనే అంటాను.