పుంజైతేనే కాల్చాలి

మా తెలుగువాళ్ల పిక్నిక్‌లలో నేను వేటగాణ్ణని ఒక పేరు ఎలాగో స్థిరపడిపోయింది. నిజానికి నేను తుపాకీ ముట్టుకోలేదు. వేటకు వెళ్లింది ఒకే ఒక్క రోజు, అదీ ఇంకొకరి పక్కన నడవడానికి. ఆ రోజు నాది కాదు, నాతో ఫ్యాక్టరీలో పనిచేసిన ఒక ముసలాయనది. ఆయన పోయాడు. ఆయన పిల్లలు తుపాకీని దాచుకున్నారు గాని ఈ సంగతి వాళ్లకు తెలియదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను కనుక రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో డెట్రాయిట్ దగ్గర, కారు తలుపులకు రేకులు నొక్కే ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. మా ఆవిడ నర్సు. ఆమె ఉద్యోగం వెంట నేనొచ్చాను. నా చదువు ఇంటర్మీడియట్‌తో ఆగింది. మిగిలిందంతా లైబ్రరీలో చదువుకున్నదే, ఆ మాట ఇప్పటికీ కాస్త గర్వంగానే చెబుతాను. భోజనం టైములో కూడా పుస్తకం వదలనని ఆ ముసలాయన నన్ను ‘ప్రొఫెసర్’ అనేవాడు.

ముప్పై ఏళ్లు ప్రెస్ మెషీన్ల పక్కన నిలబడి ఆయన చెవులు మొద్దుబారాయి. కళ్లలో శుక్లాలు. ఎగిరే పక్షి నల్లటి మరకలా కనిపిస్తుంది గాని రంగు తెలియదు. అక్కడ ఫెజెంట్ అనే పక్షిని వేటాడతారు, మన అడవికోడికి దూరపు చుట్టం. పుంజును కొట్టవచ్చు, పెట్టను కొట్టడం నేరం. అంతకు ముందటేడు ఆయన పుంజనుకుని పెట్టను చంపాడు. కంచె పక్కన పూడ్చిపెట్టి ఎవరికీ చెప్పలేదు. నాకు మాత్రం చెప్పాడు.

“ఈ సీజనే నాకు ఆఖరు, ప్రొఫెసర్. నా కుక్కకి కూడా. ఒక్క పుంజు చాలు. నీ కళ్లు ఒక పూట అరువియ్యి. నువ్వు ‘రూస్టర్’ అని అరిస్తేనే కాలుస్తా. అరవకపోతే అది నా నెత్తి మీద కూర్చున్నా కాల్చను.”

రెండు వారాలు పక్షుల పుస్తకాలు తెచ్చి చదివాను. పుంజు మెడకు తెల్లటి పట్టీ, కంటి చుట్టూ ఎరుపు, పొడుగాటి తోక. పెట్ట ఎండుగడ్డి రంగు. ఈ పక్షిని ఆసియా నుంచి తెచ్చి వదిలారని కూడా ఆయనకు చెప్పాను. “అయితే నీ చుట్టమే. నీకంటే త్వరగా లేస్తుంది పొద్దున్నే,” అన్నాడు.

వెళ్లాల్సిన రోజుకి ముందు నాకు డబుల్ షిఫ్ట్ పడింది. పొద్దున ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే మళ్లీ బయల్దేరుతుంటే మా ఆవిడ తలుపు దగ్గర నిలబడింది.

“పడుకోకుండా పొలాల మీద పడతారేంటండీ?”

“గన్ ముట్టుకోనులే.”

“గన్ గురించి కాదు. నడుస్తూ నిద్రపోతారేమోనని. ఆ వేటగాళ్ల ఆరెంజ్ టోపీ మాత్రం తియ్యకండి, ఎక్కడ పడ్డా కనిపిస్తారు.”

కోసేసిన మొక్కజొన్న చేలల్లో మూడు గంటలు నడిచాం. మట్టి బూట్లకు అంటుకుని ఒక్కో కాలు ఒక్కో బస్తాలా ఉంది. ముందు కుక్క, వెనక మేమిద్దరం. ఏమీ లేవలేదు. కళ్లు మూతలు పడుతున్నాయి. కాలవ గట్టు చివర కుక్క తోక ఉన్నట్టుండి వేగం పుంజుకుంది.

నా బూటు ముందు నేల పేలినట్టయింది. రెక్కల చప్పుడు, దాని మీద గరగరమనే అరుపు, మొహానికి గాలి, రాగి రంగు, పచ్చటి తల, తెల్లటి పట్టీ. చదివినవన్నీ ఒక్క క్షణంలో నా కళ్ల ముందే ఆకాశానికి లేచాయి. అలసట ఎటు పోయిందో తెలియదు. చంటిపిల్లవాడిలా నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఆ నోట్లోంచి మాట మాత్రం రాలేదు. పుస్తకంలో ఆ అరుపు గురించీ ఉంది. అది గుండెకేం చేస్తుందో లేదు.

ఆయన తుపాకీ ఎత్తి, నా గొంతు కోసం ఆగి, మెల్లగా దించాడు.

“ఏమైంది ప్రొఫెసర్? ఆ పేజీ ఎవరో చింపేశారా?”

“రూస్టరే,” అన్నాను. అది అప్పటికి రోడ్డు దాటిపోయింది.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. పోయిన అలసట రెట్టింపై తిరిగొచ్చింది. మధ్యాహ్నమంతా ఇంకో రెండు చేలు తిరిగాం. పొద్దు వాలుతోంది, కుక్క కుంటుతోంది. ఆఖరి చేలో, పడమటి కంచె దగ్గర ఇంకొకటి లేచింది. ఈసారి గుండె అదిరినా గొంతు నాతోనే ఉంది. తోక పొడుగ్గానే ఉంది. ‘రూస్టర్’ అన్న మాట పళ్ల దాకా వచ్చింది. ఆయనకు ఒక్కటి ఇవ్వాలని అంతగా ఉంది. పక్షి ఎండలోంచి పక్కకు తిరిగింది. మెడకు పట్టీ లేదు. ఒళ్లంతా ఎండుగడ్డే.

“హెన్! హెన్!” అని అరిచాను.

ఆయన వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. తీశాడు. తుపాకీని మధ్యకు మడిచి, లోపలి గుండ్లు తీసి జేబులో వేసుకున్నాడు.

“నేనైతే పుంజనే అనుకున్నాను. కాల్చేసేవాణ్ణి,” అన్నాడు. కుక్క తల నిమిరి, “ఇక చాల్లేవే, ఇంటికి పోదాం,” అన్నాడు.

వాళ్లిద్దరూ మళ్లీ వేటకు వెళ్లలేదు.

గడువు దాటినా పుస్తకాలు నా దగ్గరే ఉంచనిచ్చిన లైబ్రరీ ఆవిడకు, తన చేలల్లో నడవనిచ్చిన రైతుకు, బురద బూట్లను సణుక్కుంటూనే కడిగిన మా ఆవిడకు అప్పట్లోనే కృతజ్ఞతలు చెప్పుకున్నాను. పొద్దున ఒకసారి విఫలమైనవాడి మాటను సాయంత్రం నమ్మి, తన ఆఖరి గుండు ఆపుకున్న ఆయనకు మాత్రం చెప్పలేదు. ఇంటికి బయల్దేరి ఆయన ట్రక్ ఎక్కగానే నిద్రపోయాను.