అయస్కాంతానికి దూరంగా మెకానిక్

మా మైక్రోవేవ్ ఓవెన్‌లో లైటు వెలుగుతోంది, పళ్లెం తిరుగుతోంది, పాలు మాత్రం వేడెక్కడం లేదు. ఈ రోజు సాయంత్రం దాన్ని రాజమండ్రిలో సూర్యారావు గారి రిపేరు షాపుకి తీసుకెళ్లాను.

ఆయనకి ఈమధ్యే పేస్‌మేకర్ పెట్టారట. అయస్కాంతాల దగ్గరికి వెళ్లొద్దని డాక్టరు గట్టిగా చెప్పారట. ఓవెన్‌లో వేడి పుట్టించే మాగ్నెట్రాన్‌కేమో రెండు పెద్ద అయస్కాంతపు రింగులుంటాయి. అందుకని ఆయన గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్నారు. బల్ల దగ్గర స్క్రూడ్రైవర్ పట్టుకున్నది ఆయన భార్య వరలక్ష్మి గారు.

"ముందు కెపాసిటర్ డిశ్చార్జ్ చేశావా? అందులో కరెంటు మిగిలుంటే షాకు కొడుతుంది," అని ఆయన అక్కణ్నుంచే అడిగారు.

"చేశానండి. ఇదిగో, కింది రింగు పగిలిపోయింది."

షాపులో పడున్న వేరే పాత ఓవెన్‌లోంచి తీసిన మంచి రింగు ఆవిడ బిగిస్తుంటే, అది స్క్రూడ్రైవర్‌ని టక్కున లాగేసుకుంది. ఆయన కంగారుగా లేచి రెండడుగులు వేశారు.

"మీరు రాకండి! అక్కడే కూర్చోండి!" అని ఆవిడ అరిచారు. ఆయన బుద్ధిగా కూర్చున్నారు కానీ, చేతులు గాల్లోనే స్క్రూలు తిప్పుతున్నాయి.

అంతా బిగించాక గ్లాసుడు నీళ్లు లోపల పెట్టి ఆన్ చేశారు. రెండు నిమిషాలయ్యాక ఆవిడ గ్లాసు ముట్టుకుని, "అబ్బా, కాలింది!" అంటూ నవ్వేశారు. దాన్ని కొంగుతో పట్టుకెళ్లి ఆయనకి చూపించారు.

ఆయన నావైపు తిరిగి, "నాకు ఈ పని రావడానికి రెండేళ్లు పట్టిందండి. మా ఆవిడకి రెండు నెలలే," అన్నారు. ఆ గొంతులో గర్వం దాగలేదు.

ఇంట్లో ఫ్యూజు పోతే పక్కింటాయన్ని పిలిచే నాకు సిగ్గేసింది. మీ ఇళ్లలో ఇలా ఒకరి పని ఇంకొకరు అందుకున్నవాళ్లున్నారా?