నాలుగో పాట కింద పేరు

నేను తప్పులున్న రికార్డులు కొంటాను. చోడవరంలో ఈ సంగతి చాలామందికి తెలుసు. తెలిసినవాళ్లలో చాలామంది నవ్వుతారు కూడా. హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి, పిల్లల పేపర్లలో తప్పులకి ఎర్ర సున్నాలు చుట్టే మనిషి, ఇంటికొచ్చి అవే తప్పుల్ని బీరువాలో దాచుకోవడమేటని వాళ్ల నవ్వు. నవ్వుకోనీ. పదేళ్లుగా ఆ బీరువా తాళం నా దగ్గరే ఉంది.

మొదటిది వడ్డాది సంతలో దొరికింది. పాత సామాన్లు అమ్మే అతను గోనె మీద ఇత్తడి గరిటెల పక్కన నాలుగు గ్రామఫోన్ రికార్డులు పరిచేడు. అందులో ఒకదానికి రెండు వైపులా ఒకే లేబుల్ అంటించి ఉంది. తిప్పి చూస్తే మొదటి వైపు, మళ్లీ తిప్పితే మళ్లీ మొదటి వైపే. ఇంటికి తెచ్చి మా నాన్న తాలూకు ప్లేయరు మీద పెట్టేను. రెండు వైపులా వేరే వేరే పాటలు వచ్చేయి. ఆ తర్వాత తెలుసుకున్నాను. రికార్డుని మొదటిసారి అచ్చు వేసినప్పుడు లేబుల్ మీద తప్పు దొర్లితే, ఎవరో చూసి రెండో విడతలో సరిచేస్తారు. ఈలోగా బయటికి జారిపోయినవి కొన్నే మిగులుతాయి. వాటి మొండితనం నాకు నచ్చింది.

"కొనేదేదో సరైనవి కొనొచ్చు కదా" అన్నారు మా ఆయన.

"సరైనవి అందరి దగ్గరా ఉంటాయి" అన్నాను.

పాత రికార్డులు సేకరించేవాళ్ల ఫోన్ గ్రూపు ఒకటుంటే అందులో చేరేను. రెండేళ్లు నన్ను అందరూ సార్ అనే పిలిచేరు. నేనూ దిద్దలేదు. ఒకసారి గొంతు రికార్డు చేసి పంపితే అప్పుడు తెలిసింది వాళ్లకి. "ఇవి మీ వారి కలెక్షనా మేడమ్?" అని అడిగేడు ఒకాయన. కాదు, ఆయన దుమ్ము దులపడానిక్కూడా వీటిని ముట్టుకోరు అని జవాబిచ్చేను.

మూడేళ్ల కిందట అనకాపల్లిలో మైక్ సెట్లు అద్దెకిచ్చే ఆయన దుకాణం ఎత్తేస్తూ ఒక అట్టపెట్టె నాకిచ్చేడు. అందులో మన వైపు జానపదాలు నాలుగున్న చిన్న రికార్డు ఉంది. అది నా దగ్గర అప్పటికే ఒకటుంది. నాలుగోది ఊడ్పుల పాట. నా దగ్గరున్నదాంట్లో ఆ పాట కింద ఉత్తినే 'బృందం' అని ఉంటుంది. దీంట్లో మాత్రం ఒక ఆడమనిషి పేరుంది, ఇంటిపేరుతో సహా. లేబుల్ పక్కన నున్నటి అంచు మీద, ఏ విడత అచ్చో తెలిపేలా గీసిన అంకెలు రెండింటివీ పోల్చి చూసేను. పేరున్నదే మొదటి అచ్చు.

ఫోటో తీసి గ్రూపులో పెట్టేను. అక్కడ అందరూ పెద్దాయనగా చూసే ఒక విశాఖపట్నం ఆయన వెంటనే రాసేడు. "ఆ పేరుతో గాయని ఎవరూ లేరు. అచ్చు తప్పు. రెండో విడతలో సరిచేశారు. చాలా అరుదైన కాపీ, నేనే వచ్చి తీసుకుంటాను."

అమ్మను అని రాసేను.

కానీ ఆ పేరు నన్ను వదల్లేదు. అచ్చు తప్పంటే ఒక అక్షరం ఎగిరిపోవడం, ఒక వరస కిందది పైకి రావడం. ఇంటిపేరుతో సహా ఒక ఆడమనిషి మొత్తంగా పొరపాటున ఎలా వస్తుంది?

స్కూల్లో మధ్యాహ్నం భోజనం వండే ఆవిడతో మాటల్లో ఆ ఇంటిపేరు అంటే, "ఆ ఇంటిపేరోలు మా కన్నోరి ఊళ్లో ఉన్నారు కదా టీచరమ్మా, రావికమతం అవతల" అంది. ఆ ఆదివారం పొద్దున్నే రికార్డుని తువ్వాల్లో చుట్టి షేర్ ఆటో ఎక్కేను.

ఊళ్లో అడిగితే చెరుకు తోటని ఆనుకుని ఉన్న డాబా ఇల్లు చూపించేరు. వరండాలో ఒక ముసలావిడ కాళ్లు చాపుకుని చింతపండులో గింజలు తీస్తోంది. నేను లేబుల్ మీదున్న పేరు చెప్పేను.

"నానే. ఏటి పని?" అంది.

తువ్వాలు విప్పి రికార్డు చేతికిచ్చేను. చేతులు కొంగుకి తుడుచుకుని, దాన్ని దూరంగా పట్టుకుని చూసింది. "ఏటి రాసున్నాది?"

వేలు పెట్టి ఆవిడ పేరు చదివేను.

"ఇంకోపాలి సదువు" అంది.

మళ్లీ చదివేను. అప్పుడు చెప్పింది. పెళ్లయిన కొత్తలో, పాటలు పోగుచేసుకునే మేష్టారొకాయన పొలంలో ఊడ్పులు ఊడుస్తున్న ఆడవాళ్ల పాట విన్నాడట. నలుగుర్ని రైలెక్కించి మద్రాసు తీసుకెళ్లేడట. ఈవిడ భర్తా వెంట వెళ్లేడు. మూడు పాటలు నలుగురూ కలిసి పాడేరు, నాలుగోది ఈవిడొక్కతే పాడింది. రికార్డు వచ్చేక ఊళ్లో మైకు కట్టి వేసేరు. వేసే ముందు పేరు చదివేరు.

"మా మావ రచ్చబండ కాడున్నాడు. మా ఇంటిపేరు మైకులో సెప్పిస్తారా అని ఇంటికొచ్చి రబస సేసీసేడు. కంపెనీకి ఉత్తరం రాయించేడు. ఆ పాట నాను పాడనేదని రాయించేడు. కింద ఏలిముద్ర నాసేతే ఏయించేడు."

"మీరు వేసేసేరా?"

"పందొమ్మిదేళ్ల గుంటని. ఏసేను. ఇప్పుడయితే ఎయ్యను."

అన్నేళ్లుగా నేను బీరువాలో దాచినవన్నీ ప్రెస్సువాళ్ల పరాకు. ఇది ఎవరి పరాకూ కాదు. మొదట అచ్చయిందే నిజం. సరిచేయడం పేరుతో జరిగింది తప్పు.

పాట గుర్తుందా అని అడిగేను. చింతపండు చాట పక్కకి జరిపి పాడింది. గొంతు బీటలు వారింది కానీ దారి తప్పలేదు. ఆవిడ అనుమతితో ఫోన్లో ఎక్కించుకున్నాను.

పాట సగంలో ఉండగా కొడుకు బండి మీద వచ్చేడు. యాభై దాటిన మనిషి. సంగతంతా విని, చెప్పులు విప్పకుండానే నిలబడ్డాడు. "అయన్నీ పాత ఇసయాలు మేడమ్. మా తాత ఇంటి పరువు సూసుకున్నాడు. ఇప్పుడు మీరు ఫోన్లో పెడితే నలుగురూ ఏటనుకుంటారు?"

నేను జవాబు చెప్పేలోపు ఆవిడే చెప్పింది. "ఆ నలుగురి అమ్మలూ నా పాటకే ఊడ్పులు ఊడిసేరు. ఏటనుకుంటారు?" తర్వాత నా వైపు తిరిగి, "పోటో తియ్యమ్మా" అంది. రికార్డుని గుండెలకి ఆన్చి పట్టుకుంది. నవ్వలేదు. కొడుకు లోపలికి వెళ్లిపోయేడు.

ఆ సాయంత్రం ఫోటో గ్రూపులో పెట్టి, ఇది అచ్చు తప్పు కాదు, పాడింది ఈవిడే అని రాసేను. "ఆధారం ఏమిటి? ముసలివాళ్లు ఏదైనా చెబుతారు" అన్నాడు పెద్దాయన. రికార్డులో రెండో చరణంలో ఆవిడ ఒక మాటని మధ్యకి విరిచి ఊపిరి తీసుకుంటుంది. వరండాలో పాడినప్పుడూ సరిగ్గా అక్కడే విరిచింది. ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి పంపేను. పోలిక ఉంది కానీ నిర్ధారణ కాదన్నాడు. ఇంకొకాయన నా మేలు కోరుతున్నట్టుగా, "తప్పు కాపీ కాదంటే దాని విలువ పోతుంది మేడమ్, ఆలోచించుకోండి" అన్నాడు.

గ్రూపువాళ్లకి తప్పుల రికార్డుల జాబితా ఒకటుంది. అందులోంచి దీన్ని తీసేయమన్నాను. తీయలేదు. ఎవరు ఆ జాబితా పెట్టినా కింద ఆవిడ పేరు రాసి, పాడింది ఈవిడ అని పెట్టేను. ఇలాగే రాస్తే మిమ్మల్ని తీసేస్తాం అన్నారు. తీసెయ్యండి అన్నాను. తీసేసేరు. నాకు తిండి మానేంత బాధేమీ కలగలేదు.

నెల తిరక్కుండా ఒక ఆదివారం ఆవిడే మా గేటు ముందు షేర్ ఆటో దిగింది. వెంట ఆవిడ తోటికోడలు ఉంది. మద్రాసు వెళ్లిన నలుగురిలో ఆ తోటికోడలూ ఒకరు. మిగతా ఇద్దరూ పోయేరు. మా ఆయన ఎవరూ చెప్పకుండానే టీ పెట్టడానికి లేచేరు.

రికార్డు పెట్టేను. మూడు పాటలకీ తోటికోడళ్లిద్దరూ తలలాడించేరు. నాలుగోది మొదలయ్యేసరికి ఆవిడ టీ గ్లాసు కింద పెట్టేసింది. ఊళ్లో మైకులో ఒకసారి విన్నాక తన గొంతు మళ్లీ వినడం అదే. కళ్లు తుడుచుకుంటుందేమో అనుకున్నాను. తుడుచుకోలేదు.

"గొంతు సన్నం" అంది. "అదిగో అక్కడ, ఒక మాట మింగీసేను."

"నాను అప్పుడే సెప్పేను నీకు" అంది తోటికోడలు.

బయట బండి హారన్ మోగింది. కొడుకు. వాళ్లు ఇంట్లో చెప్పకుండా వచ్చేరని అప్పుడు తెలిసింది నాకు. గేటు అవతలే నిలబడి "ఎల్దాం రండి" అన్నాడు.

"లోపలికొచ్చి కూర్సో" అంది ఆవిడ, కదలకుండా.

కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత వచ్చి, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. మా ఆయన అతనికీ ఒక గ్లాసు అందించేరు.

"ఇంకోపాలి ఎయ్యమ్మా, ఈడు ఇననేదు" అంది.

నేను ముల్లు ఎత్తి నాలుగో పాట మొదట్లో పెట్టేను.