వేట లేని రోజుల మాత్రలు

గుండెపోటుతోనే హోప్ టౌన్ నుంచి పోర్ట్ బ్లెయిర్ దాకా డింగీ పడవని నేనే నడుపుకొచ్చానని మా పేటలో అందరికీ చెప్పాను. నిజానికి నడిపింది మా బావమరిది. నేను వలల మీద వెల్లకిలా పడుకుని, దారి తప్పుతున్నావని అతన్ని తిట్టాను. ఆ తిట్టడం మాత్రం అబద్ధం కాదు.

రక్తనాళం పూడిపోయిందని ఆసుపత్రిలో స్టెంట్ వేశారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ రెండు రకాల మాత్రలు వేసుకోవాలని, ఏడాది దాకా ఆపకూడదని చెప్పారు. అవి మొదలయ్యాక గేలం కాస్త గుచ్చుకున్నా రక్తం ఓ పట్టాన ఆగదు. ఆ తడికి తాడు చేతిలో జారిపోతుంది. చేపలు పట్టడం తప్ప నాకింకేం రాదు.

బావమరిదికి అంతకుముందే విశాఖలో స్టెంట్ పడింది. నాళంలోకి సన్నటి గొట్టం పంపి, లోపలి బొమ్మ చూస్తూ బిగించారట. నాకేమో రంగుమందు ఎక్కించి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ వేశారు. కొన్నాళ్లకే అతనికి ఒక మాత్ర తీసేశారు.

"బావా, నాది లోన సూసి ఏసినారు, నీది బైట్నుంచే. అందుకే నీకు రెండు గోలీలు, నాకు ఒకటే," అని ఎకసెక్కెం.

నాకు రోషం వచ్చింది. వేటకెళ్లే రోజు మాత్రలు మానేసి, వేట లేని రోజు రెండు రోజులవీ కలిపి మింగడం మొదలుపెట్టాను. మా పనే అంత. గాలి ఉంటే కూర్చుంటాం, తగ్గాక రెండు రోజుల వేట ఒక్క రోజులో చేస్తాం.

ఈ తెలివి ఆసుపత్రిలో డాక్టరమ్మకు గొప్పగా చెప్పాను.

"చాచా, లోపల చూసేది స్టెంట్ గోడకి సరిగ్గా ఆనిందా లేదా అని. దాని మీద ఖూన్ గడ్డకట్టకుండా ఆపేది మాత్ర. మీ బావమరిదికి ఒకటి తీసేసింది వాళ్ల డాక్టర్, అన్నీ చూసి. రెండోది ఆయన వేసుకుంటూనే ఉన్నారు కదా? మరి మీవి ఎవరు ఆపారు?"

"నేనే."

"అయితే ఈసారి మూసుకుపోతే స్టెంట్ కూడా మీరే వేసుకోండి."

ఆసుపత్రి మెట్ల మీదే తీర్మానించుకున్నాను. ప్రాణంతో సముద్రం మీద ఉండాలంటే మాత్ర కాదు, గేలం మానాలి. ఆ రోజే గేలం వదిలి, రబ్బరు తొడుగులు వేసుకుని వల పనికి మారాను.

ఇదంతా రాసి, చదివి వినిపిస్తే మా ఆవిడ ఒప్పుకోలేదు.

"మెట్ల మీద తీర్మానమేటి? మర్నాడే మల్లీ గేలం తీసినావు. నీ గేలాలన్నీ మా తమ్ముడికి ఇచ్చీసింది నాను. నా ఎదర గోలీ మింగితేనే నీకు కూడు ఎట్టినాను. ఆ తీర్మానం నాది."