అత్తమ్మ పొట్టు పొయ్యి

నేను కాపురానికి వచ్చేసరికే ఆ పొయ్యి పెరట్లో ఉంది. కాశిబుగ్గలో మా ఇల్లంటే ముందు గదిలో మగ్గం, వెనక గదిలో మనుషులం, ఆ వెనక నాలుగు మంచాలు పట్టేంత పెరడు. పెరట్లో గోడవారగా, రేకుల చూరు కింద, సగానికి కోసిన పాత తారు డ్రమ్ము. అడుగున పక్కకు ఒక బొక్క కొట్టించి, లోపలంతా మట్టి మెత్తారు. అందులో కట్టెలు పెట్టరు. కట్టెకోత మిల్లులో రాలే రంపపు పొట్టును కూరి కాలుస్తారు. డెబ్బైల చివర్లో మా వాడలో పొట్టు పొయ్యి లేని ఇల్లు తక్కువే. కాకపోతే వాళ్లవి అన్నం వండుకునే చిన్న డబ్బా పొయ్యిలు. మాది నూలుకు రంగు వేసే పొయ్యి. దాని మీద పెద్ద గంగాళం ఎక్కేది.

మా ఆయన జంపఖానాలు నేసేవాడు. చేనేత సంఘం వాళ్లు తెల్ల నూలు ఇచ్చేవారు, దానికి రంగు వేసుకోవడం మా వంతు. రంగు నీళ్లు మరుగుతూ ఉండాలి, పొంగకూడదు. పొద్దంతా సెగ ఒక్క తీరుగా ఉండాలి. సెగ తగ్గితే చిలపలుగా చుట్టిన నూలు ఒకచోట ముదురుగా, ఒకచోట వెలిసినట్టుగా వస్తుంది. అంత నిలకడైన మంట ఆ పొయ్యికే వచ్చేది, అదీ మా అత్తమ్మ చేతిలో. మా ఆయన చిన్నప్పుడే మామ పోతే, వాడలో సగం ఇళ్లకు రంగు వేసిచ్చి కొడుకునూ కూతురినీ పెంచింది. ఆమెను పేరుతో పిలిచిన వాళ్లను నేను చూడలేదు. రంగుల అవ్వ అనేవారు.

పొట్టు కూరడం చూడ్డానికి తేలికే. డ్రమ్ము నడుమ రోకలి నిలబెట్టాలి. పక్క బొక్కలోంచి నున్నటి వెదురు కర్రను తోసి రోకలి మొదలుకు ఆనించాలి. చుట్టూ పొట్టు పోస్తూ పిడికిళ్లతో దట్టించాలి. నిండాక రోకలిని తిప్పుతూ పైకి, కర్రను తిప్పుతూ బయటికి లాగితే లోపల మంటకు దారి మిగులుతుంది. కిందినుంచి నూనె గుడ్డ ముట్టిస్తే ఆ దారి గోడలు మెల్లగా కాలుకుంటూ పోతాయి. మరీ గట్టిగా దట్టిస్తే ఊపిరాడక ఆరిపోతుంది. వదులుగా పోస్తే మధ్యాహ్నానికే కూలిపోతుంది. కూలిందంటే ఇక మంట ఉండదు, పొగే.

మొదటి రెండేళ్లు అత్తమ్మ నన్ను ఆ పొయ్యి ముట్టనివ్వలేదు. గంగాళం తోమడం, చిలపలు పిండి దండెం మీద వేయడం నా పని. నేను రోకలి అందుకోబోతే,

"నువ్వు జరుగు బిడ్డా. నీ చేతులకింక బలం రాలే" అనేది.

శుభ్రం చేయడం కూడా ఆమే. పొద్దున్నే, పొయ్యి చల్లారాక, డ్రమ్ము ముందు మోకాళ్ల మీద కూర్చుని తల లోపలికి పెట్టేది. విరిగిన రేకు ముక్కతో గోడలు గీకి, బూడిదను చేత్తో తోడి తట్టలో వేసేది. సన్నటి బూడిద, పిండిలాగా లేచేది. ఆమె బయటికి వచ్చేసరికి కనురెప్పల మీద వెంట్రుకలు తెల్లబడి ఉండేవి. తర్వాత బొక్కలో పేరుకున్న మసిని పుల్లతో పొడిచి తీసి, లోపల బీట పడ్డ చోట మట్టి మెత్తేది.

"కొంగు ముక్కుకు కట్టుకోండి అత్తమ్మా" అన్నాను ఒకసారి.

"ముక్కు మూస్కుంటే పని ఎట్ల సాగుతది? ఇన్నేండ్ల సంది పీలుస్తాన. ఏమైంది నాకు?"

అప్పటికి ఏమీ కాలేదు. తెల్లవారుజామున కొంచెం దగ్గు ఉండేది. వాడలో అందరికీ ఉండేది. నూలు పోగుల నుసి అనుకునేవాళ్లం.

ములుగు అడవి నుంచి లారీల్లో వచ్చిన టేకు దుంగలను మా దగ్గరి మిల్లులో కోసేవారు. టేకు పొట్టు మంచి సెగ ఇస్తుంది, పొగ తక్కువ. నేను వచ్చిన మూడో ఏడో నాలుగో ఏడో టేకు రావడం తగ్గింది. ఏ చెట్టుదో తెలియని నాసిరకం పొట్టు గోనె సంచుల్లో వచ్చేది. ఆ ఏడు ముసురు పట్టింది. మిల్లు ఆవరణలో పొట్టు కుప్పలు తడిసి ముద్దయ్యాయి. సరిగ్గా అప్పుడే సంఘం నుంచి దసరా లోపు ఇవ్వాల్సిన జంపఖానాల పని వచ్చింది. ఎర్ర రంగూ నల్ల రంగూ, మామూలుకు రెట్టింపు నూలు.

తడి పొట్టును రేకు మీద పరిచి, కాలుతున్న పొయ్యి పక్కనే పెట్టి ఆరబెట్టాం. అది ఆరుతూ పొగ, కాలుతున్నది సరిగ్గా కాలక పొగ. వాన జల్లుకు చూరు చుట్టూ గోనెలు కట్టడంతో పొగ బయటికి పోయే తోవ లేక ఇంట్లోకి వచ్చేది. ముందు గదిలో మగ్గం మీద మా ఆయన కళ్లు తుడుచుకుంటూ నేసేవాడు. అత్తమ్మ మాత్రం పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. మంట వంగినప్పుడల్లా గొట్టం పెట్టి ఊదేది. ఊదీ ఊదీ దగ్గేది, దగ్గు ఆగగానే మళ్లీ ఊదేది.

"జర లేవండి అత్తమ్మా, నేనూదుత."

"నువ్వూదితె మంట లేస్తది, రంగు పొంగుతది. పో, చిలపలు దే."

నూలంతటికీ రంగు వేయడం అయిపోయింది. పని సమయానికి ఇచ్చాం కూడా. ఆ మర్నాడు మధ్యాహ్నం అన్నం కంచం ముందు కూర్చున్న మనిషి ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయింది. పెదాలు నల్లబడ్డాయి.

"దమ్ము ఆడుత లేదు బిడ్డా" అంది, చాలా మామూలుగా, ఉప్పు లేదని చెప్పినట్టు.

రిక్షాలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు వీపు మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు. మాటకు మెత్తటి మనిషి.

"పొగకు దూరంగ ఉంచాలె అమ్మా. పొయ్యి కాడికి పోనియ్యద్దు. మందులిస్త గని, పాడైనంత వరకు పాడైనట్టే. అది మళ్ల బాగు కాదు."

బయటికి వచ్చాక అత్తమ్మ రిక్షా ఎక్కకుండా నిలబడి నన్నడిగింది, "పొగకు దూరం అంటే యాడికి పోవాలె?"

ఉన్నవి రెండు గదులు. ఆమె మంచాన్ని తెచ్చి ముందు గదిలో మగ్గం పక్కన, పెరడుకు అన్నిటికంటే దూరంగా వేశాం. పొయ్యి నా చేతికి వచ్చింది. ఆమె మంచం మీది నుంచి చెప్పేది, నేను చేసేదాన్ని. "అంచులకు దట్టించు." "రోకలి మెల్లగ గుంజు." నా చేతికి అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది కానీ అయింది. పొగ మాత్రం ఎక్కడా ఆగలేదు. మా పొయ్యి ఆరిన పూట పక్కింటిది ముట్టేది.

ఒకరోజు మా ఆయనతో అన్నాను, "రంగు పని ఇడ్సిపెడ్దాం. అత్తమ్మ జరంతన్న తేరుకుంటది."

మగ్గం ఆపి నా వైపు చూశాడు. "ఇడ్సిపెడితె మగ్గం మీదికి నూలేడికెళ్లి వస్తది? రంగు లేకుంట జంపఖానా ఎవడు దీస్కుంటడు?"

కోపంతో అన్న మాట కాదు. నిజంగానే ఇంకో దారి ఏదైనా ఉందేమోనని నన్నే అడిగినట్టున్నాడు. మళ్లీ మగ్గం మొదలుపెట్టాడు.

మడికొండలో ఆడబిడ్డ ఉంది. అది అప్పటికి పొలాల మధ్య ఊరు, గాలి బాగుంటుందని అత్తమ్మను అక్కడికి పంపాం. నెల తిరగకుండానే బట్టల మూటతో బస్సు దిగి, బస్టాండు నుంచి ఎక్కడెక్కడో కూర్చుంటూ ఒక్కతే ఇంటికి నడిచి వచ్చింది. గడప మీద కూలబడి ఊపిరి కుదుటపడ్డాక చెప్పింది.

"వాళ్లింట్ల గూడ పొయ్యే గద బిడ్డా. ఈడ దగ్గితె నా ఇల్లు. ఆడ దగ్గితె వాళ్లిల్లు."

తర్వాత ఎవరూ ఆమెను ఎక్కడికీ పొమ్మనలేదు.

చలికాలం మొదట్లో ఒక పొద్దున నేను నల్లా దగ్గరికి నీళ్లకు పోయి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. పెరట్లో డ్రమ్ము ముందు మోకాళ్ల మీద ఉంది అత్తమ్మ. తల లోపల ఉంది. రేకు ముక్క గీకుతున్న చప్పుడు వస్తూ ఆగుతూ, వస్తూ ఆగుతూ ఉంది. బిందె దించి పరిగెత్తి భుజాలు పట్టి వెనక్కి లాగాను. ముఖమంతా బూడిద. ఆ బూడిదలో కళ్లు మాత్రమే తడిగా ఉన్నాయి.

"ఎందుకచ్చిన్లు అత్తమ్మా? నేను జెయ్యనా?"

ఊపిరి కూడగట్టుకుని అంది, "చేతులు ఊకుంటలేవు. పండుకోని పండుకోని నేనెవరో నాకే దెలుస్తలేదు."

ఎత్తి పట్టుకుంటే తడి ఆరిన చిలపంత బరువు లేదు. మంచం మీద పడుకోబెట్టాక, కొంగుతో ముఖం తుడుస్తుంటే, "లోపట మట్టి పలిగింది. ఇయ్యాల మెత్తు" అంది. మెత్తాను. మరి ఏం చేయాలో తెలియక.

ఆ రోజు తర్వాత ఆమె లేవలేదు. పడుకుంటే ఊపిరి ఆడదు కాబట్టి, మడిచిన జంపఖానాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ముందు పెడితే వాటి మీద నుదురు ఆనించి కూర్చునే నిద్రపోయేది. మందులు తెచ్చాం. ఎవరో చెబితే కషాయం కాచి పోశాం. ఆ కషాయమూ ఆ పొయ్యి మీదే కాచాను.

సంక్రాంతి ఇంకా రాలేదు. ఒక మధ్యాహ్నం పూట మగ్గం ఆడుతోంది. నేను పెరట్లో నల్ల రంగు గంగాళం కలుపుతున్నాను. ముందు గదిలోంచి రోజంతా వినిపించే దగ్గు కాసేపటి నుంచి వినిపించడం లేదు. అది నాకూ తెలిసింది. ఆమెకు కునుకు పట్టిందిలే అనుకున్నాను. మా ఆయనా అదే అనుకున్నాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆ ఒక్క మాటే చెప్పేవాడు, "అవ్వకు దగ్గు తగ్గిందనుకున్న. ఖుషీగ నేసిన ఆ కొద్దిసేపు." నేను చేతులు కడుక్కుని వచ్చి చూసేసరికి జంపఖానాల మీద నుదురు అలాగే ఉంది. తల్లి పక్కన మూరెడు దూరంలో కూర్చుని ఆయన నేస్తూనే ఉన్నాడు.

కర్మలైన మర్నాడే పొయ్యి ముట్టించాను. సగం రంగు వేసిన నూలు ఇంట్లో ఉంది. ఊరికే ఉంచితే పాడవుతుంది.

రెండేళ్ల తర్వాత సంఘం వాళ్లు రంగు వేసిన నూలే ఇవ్వడం మొదలుపెట్టారు. ముందే ఇచ్చి ఉంటే అత్తమ్మ బతికేదా అని వాడలో ఒకామె అడిగింది. ఏమో, అన్నాను. పాడైనంత వరకు పాడైనట్టేనని డాక్టరు చెప్పింది గుర్తుంది నాకు. రంగు నూలు వచ్చింది కానీ ఎంతో కాలం రాలేదు. జంపఖానాలు కొనేవాళ్లే తగ్గారు. మా ఆయన వాడలోని మగవాళ్లతో పాటు పవర్‌లూమ్ పనికి భీవండి పోయాడు. ఏడాదికోసారి వచ్చేవాడు. మగ్గం కొన్నాళ్లు ముందు గదిలో అలాగే నిలబడింది. చెదలు పట్టాక విప్పి వాకిట్లో వేశాం.

రంగు పని ఆగినా, డ్రమ్ము అడుగు తుప్పు పట్టి రాలిపోయేదాకా నేను దాని మీదే వండాను. గ్యాస్ మా ఇంటి దాకా రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. పొద్దున్నే బూడిద తీసేటప్పుడు కొంగు కట్టుకుని చూశాను. కట్టుకుంటే ఊపిరాడదు, ఊపిరాడక మధ్యలో విప్పేస్తాం. అత్తమ్మ మొండితనం అనుకున్నది మొండితనం కాదని అప్పుడే తెలిసింది. తెలిసినా నేను చేసిందేమీ లేదు.

ఎనభైల చివర్లో నాకూ మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. దవాఖానలో కొత్త డాక్టరు, పిల్లవాడు, ఎక్స్‌రే ఫొటోను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని చూశాడు.

"బీడీలు తాగుతవా అమ్మా?"

"లేదు సార్."

"ఎన్నడు గూడ?"

"ఎన్నడు గూడ లేదు."

నమ్మలేదు. మందు చీటీ రాసి, మానెయ్యమని చెప్పి, తర్వాతి మనిషిని పిలిచాడు.